కోత వద్దని బాడీ తీసుకెళ్ళేవాళ్ళకు: పోస్ట్‌మార్టంపై అపోహలు, వాస్తవాలు

గుంటూరులో ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టరుగా ఇరవై ఏళ్ళు దాటాయి. మార్చురీ బయట నన్ను ఆపి అడిగే మాట మాత్రం ఇన్నేళ్ళలో మారలేదు. "సార్, మా ఎమ్మెల్యే గారి చేత ఫోన్ చేయిస్తాం, కోత లేకుండా ఇప్పించండి. పెద్దవాళ్ళకి చెయ్యరంట కదా!" పోయిన వారం కూడా ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఇదే అడిగాడు. పోయింది ఆయన కొడుకు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనకు ఈ మాట చెప్పి పంపినవాళ్ళ మీద వచ్చింది.

అపోహ: పెద్దవాళ్ళకు పోస్ట్‌మార్టం ఉండదు. పలుకుబడితో తప్పించుకుంటేనే మేలు.

వాస్తవం: 1984 అక్టోబరు 31న ప్రధానిగా ఉండగానే హత్యకు గురైన ఇందిరా గాంధీకి ఢిల్లీ ఎయిమ్స్‌లో పోస్ట్‌మార్టం జరిగింది. ఇక పలుకుబడితో పద్ధతి తప్పిస్తే ఏమవుతుందో చూడాలంటే కెనెడీ కేసు చూడాలి. మా విద్యార్థులకు తుపాకీ గాయాల పాఠం నేను దానితోనే మొదలుపెడతాను.

జాన్ ఎఫ్. కెనెడీ యుద్ధంలో పనిచేసినవాడు. 1943లో తన పడవ మునిగితే, గాయపడ్డ తోటివాడి లైఫ్ జాకెట్ పట్టీ పళ్ళతో పట్టుకుని ఒడ్డుకు ఈదాడు. నలభై మూడేళ్ళకే అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1963 నవంబరు 22 మధ్యాహ్నం పన్నెండున్నరకు డల్లాస్‌లో కారులో వెళ్తుండగా కాల్చారు. ఒంటిగంటకు పార్క్‌లాండ్ ఆసుపత్రిలో చనిపోయినట్టు ప్రకటించారు. అప్పట్లో అధ్యక్షుణ్ణి చంపినా అది ఫెడరల్ నేరం కాదు, టెక్సాస్ రాష్ట్రం కేసు. కాబట్టి పోస్ట్‌మార్టం అక్కడే జరగాలి. అక్కడి మెడికల్ ఎగ్జామినర్ (అనుమానాస్పద మరణాలకు పోస్ట్‌మార్టం చేసే ప్రభుత్వ డాక్టరు) ఎర్ల్ రోజ్ దారికి అడ్డంగా నిలబడి అదే చెప్పాడు. వినలేదు. భర్తను వదిలి కదలనని భార్య, ఆమెను వదిలి విమానం ఎక్కనని కొత్త అధ్యక్షుడు. రక్షణ సిబ్బంది రోజ్‌ను తోసుకుని శవపేటికతో వెళ్ళిపోయారు.

ఆ భార్యను నేను తప్పుపట్టలేను. మా మార్చురీ గేటు దగ్గర రోజూ చూసేది అదే బాధ. కానీ తర్వాత జరిగింది వినండి. ఆ రాత్రి వాషింగ్టన్ దగ్గరి బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో పరీక్ష మొదలుపెట్టిన డాక్టర్లకు తూటా గాయాల్లో పెద్దగా అనుభవం లేదు. వీపు పైభాగంలో తూటా దిగిన గాయం కనిపించింది, బయటికి ఎక్కడ వచ్చిందో అంతుపట్టలేదు. గొంతు మీద ఒక కోత ఉంది. ఊపిరి ఆడటానికి పార్క్‌లాండ్ డాక్టర్లు పెట్టిన కోత అది, సరిగ్గా తూటా రంధ్రం మీదుగానే పెట్టారు. ఆ సంగతి వీళ్ళకు తెలిసింది మర్నాడు పొద్దున, డల్లాస్‌కు ఫోన్ చేశాక! అప్పటికి శవం వీళ్ళ చేతుల్లో లేదు. ఈలోపు పార్క్‌లాండ్ డాక్టరు విలేకరులతో, గొంతు గాయం తూటా లోపలికి వెళ్ళినదానిలా ఉందని అనేశాడు. ముందు నుంచి ఇంకొకడు కాల్చాడన్న పుకారు అక్కడ బలపడింది. తూటాలు వెనక నుంచే వచ్చాయని ఆ హత్యపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, వారెన్ కమిషన్, 1964లో తేల్చినా అది చావలేదు. నెత్తుటి మరకలున్న నోట్సును ప్రధాన డాక్టరు ఇంట్లో కాల్చేశాడు. కెనెడీకి ఉన్న అడ్రినల్ గ్రంథుల (కిడ్నీల పైన ఉండే గ్రంథులు) జబ్బు బయటపడకూడదని కాబోలు, నివేదికలో వాటి గురించి ఒక్క ముక్క లేదు. అరవై ఏళ్ళు దాటినా అమెరికాలో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

అంత దేశానికే తిప్పలు తప్పలేదు, మన ఇళ్ళలో సంగతి చెప్పనక్కర్లేదు. తెనాలి వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. భర్త ట్రాక్టర్ మీంచి పడి పోయాడు. "కోత పెడితే ఆత్మ శాంతించదు, ఇప్పుడు పోలీసులెందుకు" అని బంధువులు తొందరపెట్టి రాత్రికి రాత్రే దహనం చేశారు. రెండు నెలల తర్వాత బ్యాంకులో తెలిసింది, ఆయన ఖాతాలోంచి ఏటా ఇరవై రూపాయలు ప్రధానమంత్రి సురక్షా బీమాకు, అంటే ప్రమాద బీమాకు, కట్ అవుతున్నాయని. 2 లక్షలు రావాలి. ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు తెమ్మన్నారు. ప్లాస్టిక్ కవర్లోంచి పాస్‌బుక్కు, ఆధార్, మరణ ధ్రువపత్రం ఒక్కొక్కటే తీసి నా బల్ల మీద పరిచింది. "ఇప్పుడు ఏదైనా చేయొచ్చా అన్నయ్యా?" అంది. పూడ్చి ఉంటే అధికారుల ఉత్తర్వుతో తవ్వి తీయించవచ్చు. బూడిదకు నేను పరీక్ష చేయలేను.

ప్రమాదం, ఆత్మహత్య, హత్య, అనుమానాస్పద మరణం, ఏదైనా సరే పంచనామా చేసి పోస్ట్‌మార్టానికి పంపేది పోలీసులు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 174, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194 సెక్షన్ ప్రకారం. అందులో బంధువుల అనుమతి ప్రశ్నే లేదు. ఎమ్మెల్యే గారి ఫోనుకూ చోటు లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కిడ్నీలు అమ్ముకుంటారట! గుండె ఆగి గంటలు గడిచాక ఆ కిడ్నీ ఎవరికీ అమర్చడానికి పనికిరాదు. విషం అనుమానం ఉంటే కాలేయం, కిడ్నీ ముక్కలు, పొట్టలోది ఉప్పునీళ్ళ సీసాల్లో పెట్టి ల్యాబ్‌కు పంపుతాం, అంతే. ముఖం పాడవుతుందని భయం: తల కోత చెవి నుంచి చెవికి నడినెత్తి మీదుగా వెళ్తుంది, కుట్టేశాక జుట్టు కప్పేస్తుంది. చీకటి పడితే చేయరంటారు: వసతులున్న ఆసుపత్రుల్లో రాత్రి కూడా చేయవచ్చని 2021 నవంబరులో కేంద్రం చెప్పింది. హత్య, ఆత్మహత్య, అనుమానం ఉన్న కేసులు మాత్రం మామూలుగా పగలే.

మార్చురీ దగ్గర ఎవరో ఒకరు కాస్త ధైర్యం తెచ్చుకుని ఒక కాగితం మీద రాసుకోండి: స్టేషన్ పేరు, క్రైం నంబరు, పంచనామా చేసిన అధికారి పేరు, పోస్ట్‌మార్టం నంబరు, తేదీ. రిపోర్టు నకలు కావాలని ఆ రోజే స్టేషన్లో అడగండి. దినకార్యాలు అయ్యాక మళ్ళీ వెళ్ళి గుర్తుచేయండి.