పదిహేడు గడుల చార్టు వెనుక

చెన్నైలో చాలా బళ్లలో ఇప్పుడు వరండా గోడ మీద పదిహేడు రంగు గడుల చార్టు కనిపిస్తుంది. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు అవి. ఒకటో గడి పేదరికం, రెండోది ఆకలి, ఆరోది నీళ్లు అని పిల్లలు వరసగా అప్పజెప్పేస్తారు. ఆ ఆరో గడికీ, తమ ఇంటి సంపులోకి దిగే లారీ గొట్టానికీ ఏమిటి సంబంధం అంటే మాత్రం ఆగిపోతారు. ఇందులో పిల్లల తప్పు లేదు, టీచర్ల తప్పూ లేదు. ప్రపంచం గురించిన పాఠం బడిలోకి విడతలుగా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కొత్త పేరుతో, అప్పటికే నిండిపోయిన టైంటేబుల్‌లోకి వచ్చింది. పేరు మిగిలింది గానీ, "ఎందుకు ఇలా ఉంది?" అన్న ప్రశ్న మాత్రం ప్రతి విడతలోనూ జారిపోయింది.

మొదటి విడత రెండో ప్రపంచ యుద్ధం తర్వాతిది. దేశాల మధ్య అవగాహన బడి నుంచే మొదలవ్వాలని 1953లో యునెస్కో అనుబంధ పాఠశాలల బృందాన్ని ఏర్పాటు చేసింది. 1974 నవంబరులో సభ్యదేశాలకు ఒక సిఫార్సు పత్రం ఇచ్చింది. శాంతి, మానవ హక్కులతో పాటు అసమానతను, అన్యాయాన్ని పెంచి పోషించే పరిస్థితులను తొలగించడం కూడా చదువు పనేనని అందులో ఉంది. 2023లో దాన్ని సవరించారు గానీ, యాభై ఏళ్ల కిందటి ఆ వాక్యం పదును ఇప్పటికీ తగ్గలేదు. మన బళ్లకు మాత్రం ఆ పత్రం నుంచి చేరింది అక్టోబరు 24న అసెంబ్లీలో ఒక ఉపన్యాసం, జెండాల చార్టు, రాజధానులూ కరెన్సీల క్విజ్.

రెండో విడత ఆకలి. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1960లో ఆకలి నుంచి విముక్తి ఉద్యమాన్ని ప్రారంభించింది. అప్పుడు ఆ సంస్థకు డైరెక్టర్ జనరల్ మన దేశస్థుడే, బినయ్ రంజన్ సేన్. యూరప్ బళ్లలో పిల్లలు చందాలు పోగుచేశారు. వాళ్లకు చూపించిన బొమ్మ ఒక్కటే: పొట్ట ఉబ్బి, కళ్లు లోతుకుపోయిన పసివాడు. 1980లలో ఇథియోపియా కరువు నాటికి ఆ బొమ్మ మీద విమర్శ గట్టిపడింది. మనిషి గౌరవాన్ని తీసేసే చిత్రాలు వాడొద్దని 1989లో యూరప్ స్వచ్ఛంద సంస్థలు తమకు తామే నియమావళి రాసుకున్నాయి. మన పిల్లల వ్యాసాల్లో మాత్రం ఆకలి ఇంకా ఎక్కడో ఆఫ్రికాలో ఉండే జబ్బులాగే కనిపిస్తుంది.

మద్రాసు పిల్లలకు ఇది మరీ అన్యాయం. బడి పిల్లల ఆకలికి బడిలోనే జవాబు వెతికిన ఊరు ఇది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి హయాంలో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు తిండి పెట్టడం మొదలైంది. త్యాగరాయ చెట్టి తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంటివాడు, టీ నగర్‌కి ఆ పేరు ఆయన నుంచే వచ్చింది. 1956లో కామరాజ్ దాన్ని రాష్ట్రమంతటికీ తీసుకెళ్లారు. 1982లో ఎమ్జీఆర్ సత్తుణవు (పౌష్టికాహార) పథకంగా విస్తరించారు. వండిన భోజనమే పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు దేశంలోని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. 2022లో తమిళనాట సర్కారు బళ్లలో ఉదయం పలహారం కూడా మొదలైంది. రెండో గడికి ఇంతకన్నా మంచి పాఠం ఏ చార్టులోనూ దొరకదు.

ఆ పాఠాన్ని ఫొటోతో మొదలుపెట్టకూడదు, తక్కెడతో మొదలుపెట్టాలి. మధ్యాహ్న భోజనం లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాములు. వంద గ్రాముల బియ్యం తూచి గుప్పిట్లో పట్టుకు చూడమనండి. ఉడికాక ఎంత అవుతుందో ఇంట్లో కొలిచి రమ్మనండి. ఆపైన లెక్క: 300 మంది పిల్లలు, 200 పనిదినాలు, అంటే ఒక్క ప్రాథమిక బడికే ఏడాదికి 6 టన్నులు. అవి ఎవరు పండించారు, ఎక్కడ నిల్వ ఉన్నాయి, వండేవాళ్ల జీతం ఎంత, పప్పు ధర పెరిగిన నెలలో సాంబారు ఎందుకు పల్చబడుతుంది? ఈ ప్రశ్నలు అడిగాక ఆకలి అన్నది జాలిపడి ఊరుకునే విషయం కాదని, అదొక ఏర్పాటు తప్పిన చోటని పిల్లలకు విడిగా చెప్పనక్కర్లేదు. ఫీజు కట్టే బళ్లలోనైతే ఈ పాఠం ఇంకా అవసరం. అక్కడి పిల్లలకు అదే వీధిలో ఉన్న కార్పొరేషన్ బడి వంటశాల తెలియదు.

మన దేశంలో "అభివృద్ధి" అన్న మాట బడిలోకి ఇంకో తలుపు నుంచి కూడా వచ్చింది. 1980లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి సాయంతో, కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ జాతీయ జనాభా విద్యా పథకం మొదలుపెట్టింది. జనాభా ఎక్కువ కాబట్టే పేదరికం అన్న ఒక్క వాక్యం దాని నుంచి వ్యాసాల్లోకి దిగి ఇప్పటికీ పోలేదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే తమిళనాడులో ఒక్కో స్త్రీకి సగటున 1.8 కాన్పులు, అంటే జనాభా నిలకడకు కావలసిన 2.1 కన్నా తక్కువ. పేదరికం ఆపాటికి మాయమైపోలేదు కదా. ఈ రెండు సంగతులు పక్కపక్కన రాస్తే చాలు, ఆ వాక్యం పదో తరగతి పిల్లల చేతుల్లోనే విరిగిపోతుంది.

పర్యావరణం కథ కోర్టు మెట్లెక్కింది. 1972 స్టాక్‌హోమ్ సభ, 1977 తబిలిసీ సభ దాన్ని చదువులో భాగం చేయమన్నాయి. మన 1986 జాతీయ విద్యా విధానం కూడా అదే చెప్పింది. అయినా కదలిక లేకపోవడంతో న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమంది. పన్నెండేళ్లు గడిచాక, 2003 డిసెంబరులో, అన్ని తరగతులకూ సిలబస్ తయారుచేయమని ఎన్‌సీఈఆర్‌టీని ఆదేశించింది. అక్కడ అసలు చిక్కు బయటపడింది: దీన్ని విడి సబ్జెక్టుగా పెట్టాలా, అన్ని సబ్జెక్టుల్లో కలపాలా? విడిగా పెడితే ఒక పుస్తకం, ఒక పరీక్ష, ఒక ప్రాజెక్టు వస్తాయి. ఆ ప్రాజెక్టును స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా కొనుక్కోవచ్చు. అన్నింటిలో కలిపితే అందరి బాధ్యతా అయి, చివరికి ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కలపడం వైపే మొగ్గింది. మా అభిప్రాయమూ అదే, కానీ ఒక షరతు ఉంది: ఏడాదికి ఒక్క అంశమైనా గణితం, సామాజిక, భాషా టీచర్లు ముగ్గురూ కలిసి, ఒకే వారంలో, ఒకే అంకెల మీద చెప్పాలి.

తర్వాతవి అంకెల ఏళ్లు. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ తోడుతో మానవాభివృద్ధి సూచికను తెచ్చి, ఆదాయం ఒక్కటే కొలత కాదన్నారు. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ అర్థశాస్త్రంలో కేరళ, హర్యానా, బిహార్‌ల తలసరి ఆదాయం పక్కన శిశు మరణాల రేటు పెట్టి పోల్చిన పాఠం ఆ ఆలోచన నుంచి వచ్చిందే. అది నిజంగా మంచి పాఠం. 2000 నాటి సహస్రాబ్ది లక్ష్యాలు ఎనిమిది, వాటి చూపంతా పేద దేశాల మీదే. 2015 నాటివి 17, వాటికింద 169 ఉపలక్ష్యాలు, బరువు అన్ని దేశాల మీదా ఉంది. వాటిలో 4.7 అన్న ఉపలక్ష్యం ప్రపంచం గురించిన ఈ చదువునే కోరుతుంది. 2020 జాతీయ విద్యా విధానంలోనూ ప్రపంచ పౌరసత్వ విద్య ప్రస్తావన ఉంది. ఇంత చరిత్రా చివరికి "ఏవైనా అయిదు లక్ష్యాలు రాయుము" అన్న రెండు మార్కుల ప్రశ్నగా మారింది. ప్రశ్నపత్రం మారనంతవరకు చార్టు కూడా మారదు.

చెన్నై తెలుగు పిల్లలకు భాష మరో గడప. 2006 చట్టం తర్వాత తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ వచ్చింది. ఇప్పుడు చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. "గ్రౌండ్‌వాటర్" అని రాసే పిల్లకి అమ్మమ్మ చెప్పే బావి ఊట, కార్పొరేషన్ బోర్డు మీది నిలత్తడి నీర్ ఒకే నీళ్లని తోచదు. బోర్డు మీద మూడు నిలువు గళ్లు గీసి, ఒక్కో పాఠానికి పది మాటలు మూడు భాషల్లో రాయించాలి. ఇంటి మాట గడి ముందు నింపించాలి. ఇంగ్లీషుతో మొదలుపెడితే మిగతా రెండూ అనువాదాలైపోయి, ఇంట్లో అడిగి తెలుసుకునేదేమీ ఉండదు.

ఇక ఆరో గడి. ఇక్కడి తెలుగు పిల్లలకు దీనికన్నా దగ్గరి పాఠం లేదు. చెన్నై తాగే నీళ్లలో కొంత కృష్ణ నీరు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామన్నాయి (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు). ఆ పదిహేనులో 3 దారిలో ఆవిరికీ ఇంకుడుకీ పోను 12 చేరాలి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం, 1996లో చెన్నై దగ్గరి పూండి జలాశయానికి తొలి నీళ్లు. ఒప్పందం ప్రకారం జూలై నుంచి అక్టోబరు దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4. అలా రాసుకున్నంత చేరని ఏళ్లే ఎక్కువ.

దీనికి నలభై నిమిషాల పీరియడ్లు ఆరు కావాలి. మొదటి రోజు కొలత. లీటరు సీసాతో బకెట్‌కి గీతలు పెట్టి, కుళాయి కింద నిమిషానికి ఎన్ని లీటర్లో చూడాలి. బకెట్ మీద అచ్చువేసిన అంకెను నమ్మకూడదు, నిండా పోస్తే లెక్క తేడా వస్తుంది. తర్వాత ఒక రోజు ఇంటి వాడకం చీటీల మీద రాసి తేవాలి, పేర్లు లేకుండా. ఇది ముఖ్యం. షవర్ ఉన్న ఇంటి పిల్లా, వీధి పంపు దగ్గర కుడం (బిందె) పట్టుకుని నిలబడే పిల్లా ఒకే బెంచీ మీద ఉంటారు. పేర్లు చదివితే ఒకరికి సిగ్గు, ఇద్దరికీ అబద్ధపు అంకెలు. వచ్చిన సగటును నగరాలకు ప్రమాణంగా చెప్పే మనిషికి 135 లీటర్లతో పోల్చాలి.

రెండో రోజు, ఆ నీళ్లు ఎక్కడివి: మెట్రో వాటర్ (నగర నీటి సరఫరా సంస్థ) కుళాయి, బోరు, లారీ, 20 లీటర్ల కేను. ఒక్కోదాని లీటరు ధర కట్టించాలి. ఎక్కువ ధర ఎవరు కడుతున్నారో పిల్లలే పట్టుకుంటారు. మూడో రోజు మ్యాపు. సెంటీమీటరుకు పది కిలోమీటర్ల మ్యాపు మీద శ్రీశైలం, వెలుగోడు, సోమశిల, కండలేరు, ఊత్తుకోట, పూండి వరకు దారం పరిస్తే దాదాపు 40 సెంటీమీటర్లు వస్తుంది. 12 టీఎంసీలను 365తో భాగిస్తే రోజుకు సుమారు 93 కోట్ల లీటర్లు. మనిషికి 135 చొప్పున 69 లక్షల మందికి సరిపడా. టీఎంసీ అన్న మాట పేపర్లో చదివిన పిల్లలకు దాని సైజు తెలిసేది ఈ భాగహారంలోనే.

నాలుగో రోజే పాఠం బెడిసికొట్టే రోజు. రాయలసీమ రైతు, నెల్లూరు రైతు, శ్రీశైలం నీళ్లలో ఊరు మునిగినవాళ్లు, చెన్నై గృహిణి అని నాలుగు గుంపులు చేస్తే పది నిమిషాల్లో అది తమిళం, తెలుగు గొడవ కావచ్చు. లేదా మాటకారి పిల్లలిద్దరి వక్తృత్వ పోటీ కావచ్చు. విరుగుడు రెండు. అన్ని గుంపులకూ ఒకే అంకెల కాగితం ఇవ్వాలి. తమ వాదన చెప్పేముందు పక్క గుంపు కష్టం ఏమిటో వాళ్లు ఒప్పుకునేలా చెప్పి తీరాలి.

అయిదో రోజు డాబా. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. చెన్నైకి ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు. వెయ్యి చదరపు అడుగుల డాబా, అంటే 93 చదరపు మీటర్లు, నూటికి ఎనభై పట్టినా లక్ష లీటర్లు దాటుతుంది. నలుగురున్న ఇంటికి ఆరు నెలల పైమాటే. ఇక్కడ పిల్లలు సంబరపడిపోతారు, అప్పుడు ఆపి రెండు ప్రశ్నలు అడగాలి. ఆ డాబా కింద ఎనిమిది కాపురాలుంటే? అప్పుడు 24 రోజులే. ఆ వాన చాలావరకు అక్టోబరు, డిసెంబరు మధ్యే పడితే ఎక్కడ దాస్తారు? భూమిలో దాచడం తప్ప దారి లేదు. 2003లో తమిళనాడు ప్రతి కట్టడానికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేసింది ఇందుకే. 2015 డిసెంబరులో మునిగిన ఊరే 2019 జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు ఎందుకు తెప్పించుకుందో కూడా ఈ లెక్క దగ్గరే అర్థమవుతుంది.

ఆరో రోజు గాని ప్రపంచం రాకూడదు. 2018లో కేప్‌టౌన్ కుళాయిలు బందయ్యే రోజును లెక్కపెట్టుకున్న సంగతి, నీటిని మానవ హక్కుగా గుర్తించిన 2010 జూలై 28 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానం, మనిషికి కనీసం 50 నుంచి 100 లీటర్లన్న అంచనా అప్పుడు చెప్పాలి. అయిదు రోజుల సొంత అంకెలు చేతిలో ఉన్న పిల్లలు కేప్‌టౌన్‌ని చూసి జాలిపడరు, ప్రశ్నలు అడుగుతారు. చార్టులోని ఆరో గడి దగ్గరికి వాళ్లను ఆ రోజు తీసుకెళ్లొచ్చు.

ఈ ఆరు రోజులూ సెప్టెంబరులో పెట్టుకుంటే మంచిది. బడి ఆవరణలో ఇంకుడు గుంత ఉంటే మూత తీయించి పిల్లలకు చూపించండి. అడుగున పెద్ద రాళ్లు, మధ్యన కంకర, పైన ఇసుక ఉండాలి. ఇసుక మీద బూడిదరంగు మట్టి పెచ్చు కట్టి ఉంటే చినుకు లోపలికి దిగదు, పొంగి వీధిలోకి పోతుంది. ఆ పై పొర తీసి కడిగించి, డాబా గొట్టాల్లో ఆకులు ఏరేయడానికి ఒక పూట చాలు. అక్టోబరు వానలు వచ్చాక ఆ మూత తీయడం కుదరదు.