ఎక్కినంతా దిగుతాం కదా, ఇంక భయమెందుకు?

మొన్న మళ్లీ అదే ఫోను వచ్చింది, సైకిల్ యాత్రలో ఉన్న ఓ దంపతుల నుంచి. సాయంత్రం ఆరున్నర. ఇంకా 22 కిలోమీటర్లు ఉందట, వెలుతురు తగ్గిపోతోందట. భర్త మాట్లాడుతుంటే భార్య ఫోను తీసుకుని, "మా వయసుకు ఇది మించిన పనేమో సర్" అన్నారు. గొంతులో ఏడుపు ఆపుకోవడం తెలుస్తూనే ఉంది.

కొండ ప్రాంతాల్లో రద్దీ లేని పల్లె దారులు వెతికి, సైకిల్ యాత్రలకు వెళ్లేవాళ్లకు గీసి ఇవ్వడం నా పని. పదకొండేళ్లలో ఇలాంటి ఫోన్లు ఎన్ని వచ్చాయో లెక్క పెట్టలేదు. తప్పు వయసుది కాదు, కాళ్లది అంతకన్నా కాదు. ఆ దంపతులు ముందురోజు మైదానంలో 80 కిలోమీటర్లు హాయిగా తొక్కారు. ఆ రోజుకి నేనిచ్చింది 38. మరీ తక్కువగా ఉందని ఎవరో అన్న మాట పట్టుకుని, దాన్ని 64కు పెంచుకుని పదకొండు గంటలకు బయలుదేరారు. గంటకు 16 చొప్పున నాలుగు గంటల్లో చేరతామని వాళ్ల అంచనా.

అపోహ: ఎక్కినంతా దిగుతాం కాబట్టి చివరికి సగటు సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. దీనికి శాస్త్రం కూడా అక్కర్లేదు, గుణకారం భాగహారం చాలు. ఐదు కిలోమీటర్ల ఎక్కుడు గంటకు 5 చొప్పున తొక్కితే గంట. అంతే దూరం దిగుడు గంటకు 30 చొప్పున పది నిమిషాలు. మొత్తం పది కిలోమీటర్లకు గంటా పది నిమిషాలు, అంటే సగటు తొమ్మిది కూడా రాలేదు. ప్రాణాలకు తెగించి 60తో దిగారనుకోండి, మిగిలేది ఐదు నిమిషాలు. ఎక్కుడులో పోయిన కాలాన్ని దిగుడు తిరిగివ్వదు. పైగా పల్లె దారుల్లో దిగుడు కింద తిన్నని రోడ్డు ఉండదు. మలుపో, కంకరో, పశువులో ఉంటాయి. సంపాదించిన వేగమంతా బ్రేకులకు అర్పించి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి.

నేను అందరికీ చెప్పే లెక్క ఒకటుంది. మనిషి, సైకిలు, సంచులు కలిపి వంద కిలోలు. మామూలు మనిషి రోజంతా నిలకడగా ఇవ్వగల శక్తి వంద వాట్లు అనుకుందాం. నిలువుగా వంద మీటర్లు ఎక్కడానికి 98,100 జౌళ్లు కావాలి, అంటే పదహారు నిమిషాల పైమాట. రోడ్డు చుట్టూ తిరిగి ఎక్కినా, నిటారుగా ఎక్కినా ఈ పదహారు తగ్గదు. ఆ దంపతుల 64 కిలోమీటర్లలో ఎక్కాల్సిన ఎత్తు మొత్తం 1,400 మీటర్లు. అంటే ఎక్కుడుకే దాదాపు నాలుగు గంటలు. వాళ్లు రోజంతటికీ వేసుకున్న నాలుగు గంటలూ అక్కడే అయిపోయాయి. దిగుడు, చదును, నీళ్లు, ఊపిరి, దారి తప్పడం ఇంకా మొదలే కాలేదు.

దూరం అడక్కండి, ఎత్తు అడగండి. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ మరొకటి: "అవి పెద్ద కొండలేం కావు, చిన్న గుట్టలే." చిన్న గుట్టలే మనిషిని కుంగదీస్తాయి. పెద్ద రోడ్డు వేసేటప్పుడు బరువు బండ్లు ఎక్కాలి కాబట్టి కొండను తొలిచి, మలుపులు తిప్పి, వాలును మెత్తగా ఉంచుతారు. పల్లె దారికి ఆ భాగ్యం లేదు. ఎప్పుడో నడిచి వెళ్లిన కాలిబాట మీదే తారు పోసి ఉంటారు. లోయ వెంట సాగకుండా లోయకు అడ్డంగా పడి దిగి, ఎదుటి మిట్ట ఎక్కి, మళ్లీ దిగుతుంది. వాహనాలు ఆ దారిన ఎందుకు రావో మీకు మూడో మిట్ట మీద అర్థమవుతుంది. ఆల్ప్స్‌లోని స్టెల్వియో కనుమ ఎత్తు 2,757 మీటర్లు. 1820ల్లో వేసిన ఆ రోడ్డు ఒక వైపు 48 మలుపులు తిరుగుతూ సగటున ఏడు శాతం పైచిలుకు వాలుతో, అంటే వంద మీటర్ల దూరానికి ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తుతో ఎక్కుతుంది. ఇంగ్లండ్‌లోని హార్డ్‌నాట్ కనుమ ఎత్తు 393 మీటర్లే, కానీ అక్కడి వాలు ఒకచోట మూడింట ఒకటి, అంటే మూడు మీటర్లకు ఒక మీటరు ఎత్తు. మొదటిది ఓపిక ఉంటే ఎక్కవచ్చు. రెండోదాని దగ్గర సంచులతో ఉన్నవాళ్లు చాలామంది దిగి తోస్తారు. పేరున్న కొండను చూసి భయపడేవాళ్లు పేరులేని గుట్టలను చూసి ఎందుకు భయపడరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్రశాంతతా కావాలి, వాలూ తక్కువ ఉండాలి అంటే పట్టాలు ఎత్తేసిన పాత రైలు మార్గాలు వెతకండి. రైలుకు ఏటవాలు పడదు, అందుకే అవి రెండు మూడు శాతం దాటడం అరుదు.

ఫోనులోని మ్యాపు చెప్పే ఎత్తు వేదవాక్కు అనుకోవడం ఇంకో పొరపాటు. ఒకే దారికి రెండు యాప్‌లు రెండు అంకెలు చూపిస్తే జనం కంగారుపడతారు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులు నేటికీ చాలాచోట్ల వాడుకలో ఉన్నాయి. అవి నేలను గళ్లుగా విడదీసి గడికో ఎత్తు చెబుతాయి, ఒక్కో గడి వెడల్పు సుమారు 30 మీటర్లు. కొండ పక్కన చెక్కిన సన్నటి రోడ్డు ఆ గడిలో ఒక్కోసారి పైగట్టు మీద, ఒక్కోసారి కింది లోయలో ఉన్నట్టు పడుతుంది. లేని ఎక్కుడు లెక్కలోకి వస్తుంది, వంతెన మీద వెళ్తున్నా వాగులోకి దిగినట్టు చూపిస్తుంది. నేను ఇప్పటికీ కాంటూరు రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మ్యాపు పరుచుకుని, రోడ్డు ఒక్కో రేఖను దాటినప్పుడల్లా పెన్సిలుతో చుక్క పెడతాను. ఎక్కుడు చుక్కలు లెక్కపెట్టి రేఖల మధ్య ఎత్తుతో హెచ్చిస్తే సరి. చాదస్తమే, కానీ ఆ చాదస్తం నన్ను ఎప్పుడూ చీకట్లో వదిలిపెట్టలేదు.

ఇక "మంచి కాళ్లుంటే చిన్న గేరు ఎందుకు?" అనే వీరులున్నారు. నా మొదటి యాత్రలో నేనూ ఆ కోవలోనివాణ్ణే. ముందు గొలుసు చక్రానికి 34, వెనక చక్రానికి 34 పళ్లు, దానితోనే పది శాతం వాలు. చివరి గేరులోకి ఎప్పుడో వచ్చేశాను, అయినా ఇంకొకటి ఉందేమోనని బొటనవేలు ఆ మీటను మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉంది. నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే అక్కడ రెండు వందల వాట్ల పైనే కావాలి. అది నా దగ్గర లేదు. ముందు 22 పళ్లు ఉంటే 130 చాలేది. చిన్న గేరు అవమానమనే భావన పాతదే. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో 1937 వరకు డీరైలర్ గేర్లను (గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి మార్చేవాటిని) అనుమతించలేదు. మీరు పందెంలో లేరు, కాబట్టి ఆ పట్టింపు మీకెందుకు? దిగి తోసుకుంటూ నడిచినా సిగ్గేం లేదు. వంద వాట్లతో పది శాతం వాలు మీద తొక్కే వేగమూ నడక వేగమూ ఒకటే.

బ్రేకు వదలకుండా నొక్కిపట్టి దిగడమే క్షేమమనేది ప్రమాదకరమైన అపోహ. వంద కిలోలతో 500 మీటర్లు దిగితే వెలువడే శక్తి దాదాపు లీటరున్నర నీటిని మరిగిస్తుంది. ఎంత నెమ్మదిగా దిగితే గాలి పంచుకునే వాటా అంత తగ్గుతుంది, మిగిలిన వేడంతా బ్రేకుల మీదే. మలుపుకు ముందు గట్టిగా పట్టి వదలండి, మధ్యలో ఆగి చల్లారనివ్వండి. టైరు రాయిలా ఉంటేనే వేగమనేది గతుకుల రోడ్డు మీద నిజం కాదు. వెడల్పు టైరు వేసి కాస్త గాలి తగ్గించండి. ఈ రెండూ ఇంతే.

ఆ దంపతుల సంగతికొస్తే, "మీ వయసుకేం కాలేదమ్మా, లెక్కే తప్పింది" అని చెప్పి, దగ్గరి ఊళ్లో ఆగిపొమ్మన్నాను. మర్నాడు 38 కిలోమీటర్లే పెట్టుకుని మధ్యాహ్నం రెండున్నరకల్లా చేరారు. ఆవిడే సందేశం పంపారు: "ఇంత తొందరగా చేరిపోయాం, ఇంకో ఇరవై తొక్కేద్దామా?" ఆ ఇరవైలో ఎంత ఎత్తు ఎక్కాలో మీరే చూసి చెప్పండి అన్నాను. ఐదు నిమిషాల తర్వాత జవాబు వచ్చింది.

"520 మీటర్లు. వద్దులెండి."