నోటుబుక్కు అట్ట మీద ఏ ప్రింటింగ్? విశాఖ ప్రెస్సులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖలో కస్టమ్ నోటుబుక్కుల ఆర్డర్లకి రెండు సీజన్లు. జూన్‌లో బడులు, కోచింగ్ సెంటర్లు తెరిచే ముందు ఒకటి. కొత్త సంవత్సరం కానుకల కోసం నవంబరు, డిసెంబరుల్లో ఇంకొకటి. ద్వారకా నగర్ కోచింగ్ సెంటరైనా, పరవాడ ఫార్మా కంపెనీ అయినా, రుషికొండ ఐటీ ఆఫీసైనా ఫోన్‌లో ముందు అడిగేది ఒకటే: "గోల్డ్ ఫాయిల్ వేస్తారా? యూవీ చేస్తారా? బుక్కుకి ఎంత పడుతుంది?" నేను తిరిగి అడిగేదీ ఎప్పుడూ ఒకటే: "అట్ట ఏదండీ? ఎన్ని పుస్తకాలు?" ఈ రెండూ తేలకుండా ప్రింటింగ్ గురించి మాట్లాడటం దండగ. ఎక్కడో చూసిన మెరుపుని ముందు ఖాయం చేసుకుని, ఆ తర్వాత దానికి అట్ట వెతుక్కోవడం వల్లే సగం గొడవలు వస్తాయి.

అపోహ: వంద దాటితే బల్క్ ఆర్డరే, ఆఫ్‌సెట్‌లోనే చవక

ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు చేయాలి. మెషిన్ మీద రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా కొన్ని షీట్లు పాడవుతాయి. వంద పుస్తకాలు వేసినా, మూడు వేలు వేసినా ఈ ఖర్చు ఒకటే. ఇదంతా కలిపి 3000 రూపాయలు అయిందనుకోండి. వంద పుస్తకాలైతే ఒక్కోదాని మీద 30 రూపాయల భారం పడుతుంది. మూడు వేలైతే రూపాయి. డిజిటల్‌లో ప్లేట్లు ఉండవు, కానీ పదో షీటుకీ వెయ్యో షీటుకీ రేటు పెద్దగా తగ్గదు.

ఏ5 సైజు పుస్తకానికి నా లెక్క ఇలా ఉంటుంది. సుమారు 300 వరకు డిజిటల్, వెయ్యి దాటితే ఆఫ్‌సెట్. మధ్యలో ఉంటే రెండింటికీ కొటేషన్ అడగండి. ఒక్కో పుస్తకం మీద ఒక్కో ఉద్యోగి పేరు రావాలంటే మాత్రం ఎన్ని పుస్తకాలైనా ఆ పేరు వరకు డిజిటల్‌లోనో, యూవీలోనో (ఇంకుని యూవీ వెలుగుతో అక్కడికక్కడే ఆరబెట్టే ప్రింటింగ్) వేయాల్సిందే. ప్లేటు మీద ఒకసారి ఎక్కిన పేరు షీటు షీటుకీ మారదు.

డిజిటల్‌లో ఒక ఇబ్బంది ఉంది, దీని గురించి అమ్మేవాళ్లు అంతగా మాట్లాడరు. అందులో వాడే టోనర్ (రంగుపొడి) కాగితంలోకి ఇంకదు, పైనే పొరలా ఉంటుంది. అట్ట మొత్తం ముదురు రంగు వేసి మడిస్తే వీపు దగ్గర పగిలి తెల్లగీత కనిపిస్తుంది. మడిచే చోట ముందే క్రీజింగ్ (గాడిలా నొక్కు) వేసి, పైన లామినేషన్ చేస్తే చాలావరకు ఆగుతుంది. అసలు డిజైన్‌లోనే వీపు దగ్గర లేత రంగు పెట్టుకుంటే ఆ బాధే ఉండదు.

అపోహ: లామినేషన్ చేయిస్తే అట్టకి ఇక ఢోకా లేదు

సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఈ ఒక్క నమ్మకం వల్ల పాడయ్యే పుస్తకాలు అన్నీ ఇన్నీ కావు. "లామినేషన్ చేయించాం కదండీ, ఏటిలా వంగిపోయాయి?" అని ఆగస్టులో ఫోన్లు వస్తాయి. వంగింది లామినేషన్ ఉన్నా కాదు, ఉండబట్టే.

కాగితం గాలిలోని తేమని పీల్చుకుని కొద్దిగా సాగుతుంది. ప్లాస్టిక్ ఫిల్మ్ సాగదు. మామూలుగా అట్టకి బయటివైపు మాత్రమే ఫిల్మ్ అతికిస్తారు. లోపలివైపు తెరిచే ఉంటుంది కాబట్టి అటునుంచి తేమ ఎక్కుతుంది. లోపలివైపు సాగి, బయటివైపు కదలక అట్ట ఫిల్మ్ వైపుకి, అంటే పైకి లేస్తుంది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో తయారైన సాంపిల్ చదునుగా ఉండి, అదే పుస్తకం బీచ్ రోడ్డు ఆఫీసులో పదిరోజులకే నోరు తెరవడంలో వింతేమీ లేదు.

దీనికి మందులు ఉన్నాయి. మొదటిది గ్రెయిన్, అంటే కాగితంలో పీచు పరుచుకున్న దిక్కు. కాగితంలో పీచు ఎక్కువగా ఒక దిక్కుకే పరుచుకుని ఉంటుంది, తేమ తగిలినప్పుడు కాగితం ఆ పీచుకి అడ్డంగా ఎక్కువ సాగుతుంది. గ్రెయిన్ పుస్తకం వీపుకి సమాంతరంగా ఉండేలా షీటు కోయించాలి. అప్పుడు మడత కూడా శుభ్రంగా వస్తుంది, పగలదు. షీటులో అట్టలు ఎక్కువ పడతాయని అడ్డంగా సర్దేస్తే కాగితం మిగులుతుంది, పుస్తకం చెడుతుంది. ఈ ఒక్క ప్రశ్న ప్రెస్సువాళ్లని అడిగి చూడండి, వాళ్ల జవాబుని బట్టి పనితనం తెలిసిపోతుంది.

రెండోది మందం. 250 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) బదులు 300 జీఎస్‌ఎమ్ ఆర్ట్ కార్డు తీసుకుంటే వంగడం తగ్గుతుంది. రెండువైపులా లామినేషన్ చేయిస్తే ఇంకా మంచిది, ఖర్చు పెరుగుతుందనుకోండి. బడి పిల్లల పుస్తకాలకైతే అసలు ఫిల్మే వద్దని, వార్నిష్ చాలని చెబుతాను. ఏడాదిలో అయిపోయే పుస్తకం అది. పుస్తకాలు చేతికి వచ్చాక కట్టలు విప్పి అల్మారాలో నిలబెట్టకుండా, పంచే రోజు దాకా పడుకోబెట్టి ఉంచడం ఖర్చు లేని జాగ్రత్త.

ఇక మ్యాట్, అంటే మెరుపు లేని ఫిల్మ్. చూడటానికి హుందాగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ ముదురు నీలం, నలుపు అట్టల మీద వేలిముద్రలు, గీతలు మ్యాట్‌లోనే బాగా బయటపడతాయి. నేవీ ఊరు కాబట్టి ఇక్కడ ముదురు నీలం అడిగేవాళ్లకి కొదవ లేదు. అలాంటి అట్టకి గీతలు పడని రకం మ్యాట్ ఫిల్మ్ అడగండి, మామూలు దానికంటే రేటు ఎక్కువే. స్పాట్ యూవీ (లోగోలాంటి చోట మాత్రమే వేసే మెరుపు పూత) అందం మాత్రం మ్యాట్ మీదే కనిపిస్తుంది. గ్లాసీ మీద వేస్తే మెరుపు మీద మెరుపు, డబ్బులు దండగ.

లామినేషన్ చేస్తే తడవదని కూడా అనుకుంటారు. అంచుల్లోంచి నీళ్లు వెళతాయి.

అపోహ: గోల్డ్ ఇంకు, గోల్డ్ ఫాయిల్ రెండూ ఒకటే

చాలా గోల్డ్ ఇంకుల్లో ఉండేది రాగి, జింకు కలిసిన పొడి. గాలి, తేమ తగిలితే నెమ్మదిగా రంగు మారుతుంది, మన ఉప్పుగాలికి ఇంకాస్త తొందరగా. ఫాయిల్ అలా కాదు. పాలిస్టర్ ఫిల్మ్ మీద బంగారు ఛాయ ఇచ్చే లక్క, దానిమీద అతిపల్చటి అల్యూమినియం పొర ఉంటాయి. లోహపు డైని (అచ్చుని) వేడిచేసి నొక్కితే ఆ పొరలు అట్టకి అంటుకుంటాయి. అది నల్లబడటం అరుదు, కానీ గట్టిగా రుద్దుకుంటే లేచిపోతుంది. మూడు నాలుగేళ్లు ఉంచుకునే పుస్తకమైతే ఫాయిల్‌కే వెళ్లండి. ఒక్క కార్యక్రమానికి పంచేదైతే ఇంకు చాలు.

ఫాయిల్‌తో తెలుగుకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంగ్లిష్ లోగో చక్కగా దిగిన అట్ట మీదే కింద తెలుగు వాక్యం ముద్దగా వస్తుంది. మన అక్షరాల్లో చిన్న చిన్న సున్నాలు, సన్నటి సందులు ఎక్కువ. పైన తలకట్టో గుడో, కింద వత్తు. డై వేడిగా నొక్కినప్పుడు ఆ సందులన్నీ ఫాయిల్‌తో నిండిపోతాయి. "విజ్ఞాన", "లక్ష్యం" లాంటి మాటలు 12 పాయింట్లలో ఫాయిల్ వేయమంటే నేను ముందే వద్దంటాను. 18 పాయింట్లకి తగ్గకుండా, మరీ సన్నమూ మరీ బొద్దూ కాని ఫాంట్‌లో, అక్షరాల మధ్య కాస్త ఖాళీ వదిలి పెట్టాలి. చిన్న అక్షరాలే కావాలంటే వాటిని మామూలు ఇంకులో వేసి, పెద్ద పేరుకి మాత్రం ఫాయిల్ పెట్టుకోవచ్చు.

తక్కువ పుస్తకాలకి డై ఖర్చు బరువనిపిస్తే, టోనర్ మీద అంటుకునే ఫాయిల్ ఒకటుంది. డై అక్కర్లేదు. అయితే అట్టలో దిగబడిన ఆ నొక్కు రాదు, చేత్తో తడిమితే తేడా తెలుస్తుంది.

అపోహ: మిషన్ మంచిదైతే ఏ అట్ట మీదైనా ఏదైనా వేయొచ్చు

గోధుమరంగు క్రాఫ్ట్ అట్టతో మొదలుపెడదాం. మామూలు నాలుగు రంగుల ప్రింటింగ్‌లో తెలుపు అనే ఇంకు లేదు. తెల్లగా కనిపించేది కాగితమే. క్రాఫ్ట్ మీద అది గోధుమరంగే అవుతుంది, పసుపు మురికిగా, లేత నీలం బూడిదలా కనిపిస్తాయి. అక్కడ నలుపు ఒక్కటే దర్జాగా ఉంటుంది. తెలుపు కావాలంటే స్క్రీన్ ప్రింటింగ్ చేయించాలి, లేదా తెలుపు ఇంకు ఉన్న యూవీ మెషిన్ దగ్గరికి పోవాలి. ఒకటి రెండు రంగుల లోగోకి క్రాఫ్ట్ మీద, గుడ్డ అట్ట మీద స్క్రీన్‌ని మించింది లేదని నా నమ్మకం. పాతకాలం పని అని చిన్నచూపు చూస్తారు గానీ, ఆ ఇంకు మందం వేరు.

తోలులా కనిపించే రెక్సిన్, పీయూ అట్టలకి సంగతి వేరు. పీయూని వేడి డైతో నొక్కితే చక్కటి ముద్ర పడుతుంది, కొన్ని రకాలైతే నొక్కినచోట రంగే మారి రెండు రంగుల్లా కనిపిస్తాయి. యూవీ ప్రింట్ పైన అంటుకుని ఉంటుంది కాబట్టి ముందు సాంపిల్ మీద సెల్లోటేపు గట్టిగా అతికించి ఒక్కసారిగా లాగండి. టేపుతో ఇంకు వస్తే ఆర్డరు ఆపండి. వంగే చోట, అంటే వీపు పక్కన, యూవీ పెట్టవద్దు. లేజర్‌తో పేర్లు చెక్కించాలంటే ఆ అట్ట పీవీసీనా, పీయూనా అని ముందు రాతపూర్వకంగా తేల్చుకోండి. పీవీసీని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మనిషి ఊపిరికి చేటు, మెషిన్‌కి తుప్పు. తెలిసినవాళ్లు ఆ పని ఒప్పుకోరు, ఒప్పుకున్నవాళ్లకి తెలియదని అర్థం.

తుప్పు మాట వచ్చింది కాబట్టి, వైరో (తీగ చుట్టల) బైండింగ్ తీసుకునేటప్పుడు పూత ఉన్న తీగే అడగండి. సెంటర్ పిన్ను కూడా అంతే. ఇక్కడి గాలికి మామూలు పిన్ను తుప్పుపట్టి, అంత ఖరీదు పెట్టిన అట్ట మీద ఎర్రటి మరక దింపుతుంది.

అపోహ: ఫోన్‌లో చూసిన రంగే అట్ట మీద వస్తుంది

ఫోన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం ఇంకుతో. మిలమిలలాడే నారింజ, చిలకాకుపచ్చ నాలుగు ఇంకుల్లో అంత గాఢంగా రావు. నీలంలో మెజెంటా శాతం ఎక్కువైతే ఊదారంగుకి తిరుగుతుంది. కంపెనీ రంగు కచ్చితంగా రావాలంటే పాంటోన్ నంబరు (ఒక్కో రంగుకి ప్రెస్సులన్నీ గుర్తుపట్టే నంబరు) ఇచ్చి ఆ ఇంకు విడిగా కలిపించుకోవాలి. మ్యాట్ ఫిల్మ్ వేశాక రంగులు ఇంకొంచెం చల్లబడతాయి కాబట్టి, ప్రూఫ్ (అచ్చుకి ముందు చూపే నమూనా) కూడా ఫిల్మ్ వేసిందే చూడండి.

లోగోని వాట్సాప్‌లో ఫొటోగా పంపవద్దు, దాన్ని కుదించి పంపుతుంది. పీడీఎఫ్‌నో కోరల్‌డ్రా ఫైల్‌నో డాక్యుమెంటుగా పంపండి. తెలుగు వాక్యాలు ఉంటే అక్షరాలని కర్వ్స్ (ఫాంట్ అక్కర్లేని గీతలుగా) చేయించి పంపండి, లేకపోతే మా సిస్టంలో ఆ ఫాంట్ లేక వత్తులు ఎటో పోతాయి.

అపోహ: శివకాశిలో వేయిస్తే కళ్లు మూసుకుని చవక

తమిళనాడులోని శివకాశి పెద్ద ప్రింటింగ్ కేంద్రం. పదివేలు, ఇరవైవేల పుస్తకాలు అయితే ఆ మాట నిజమే కావచ్చు. వెయ్యి పుస్తకాలకి రవాణా, ఆలస్యం, ప్రూఫ్ చూడటానికి పట్టే రోజులు కలిపితే లెక్క మారిపోతుంది. కాగితం బరువైన సరుకు.

అపోహ: ఒకసారి వేయించాం కదా, వచ్చే ఏడాది అచ్చం అలాగే వస్తుంది

కాగితం లాటు మారుతుంది, ఇంకు మారుతుంది, ఆ రోజు మెషిన్ దగ్గర ఉన్న మనిషి మారతాడు. మొదటి ఆర్డరులో బాగా వచ్చిన అట్ట ఒకటి సంతకం పెట్టించుకుని మీ దగ్గర, ఇంకొకటి ప్రెస్సులో ఉంచండి. అట్ట రకం, జీఎస్‌ఎమ్, ఫిల్మ్ రకం, ఫాయిల్ నంబరు బిల్లు మీదే రాయించుకోండి. ఫాయిల్ డై మీరు డబ్బు కట్టి చేయించుకున్నది. పని అయ్యాక అడిగి తీసుకోండి, లేదా ప్రెస్సులోనే ఉందని ఆ బిల్లు మీదే ఒక ముక్క రాయించుకోండి. వచ్చే ఏడాది మీరు ఇంకో ప్రెస్సుకి వెళ్లినా అది పనికొస్తుంది.