నలభై ఫొటోల్లో ఎంతమంది?

ఇద్దరు డచ్ సెలబ్రిటీ మహిళల ఫొటోలు, ఒక్కొక్కరివి ఇరవై చొప్పున, ఇంటర్నెట్ నుంచి తీసి కలిపేసి బ్రిటన్‌లో కొందరి చేతికిచ్చారు. ఒకే మనిషివి అనిపించినవన్నీ ఒక కుప్పగా పెట్టమన్నారు. మొత్తం ఎంతమంది ఉన్నారో చెప్పలేదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబ్ జెంకిన్స్, మైక్ బర్టన్‌ల బృందం 2011లో ప్రచురించిన ప్రయోగం ఇది. వాళ్ళు పెట్టిన కుప్పల మధ్యస్థ సంఖ్య ఏడున్నర. అవే ఫొటోలు ఆ ఇద్దరూ తెలిసిన నెదర్లాండ్స్ వాళ్ళకిస్తే దాదాపు అందరూ రెండే కుప్పలు పెట్టారు.

తప్పు ఎటువైపు జరిగిందో చూడండి. ఇద్దరినీ ఒక్కరే అనుకున్న సందర్భాలు బాగా తక్కువ. ఒక్కరినే నలుగురైదుగురు అనుకోవడమే ఎక్కువ. పోలికలు కలిసే మనుషులతోనే చిక్కని మనం అనుకుంటాం గానీ, అసలు చిక్కు ఒకే ముఖం ఫొటో ఫొటోకీ మారిపోవడంతో. కెమెరా అడుగు దూరంలో ఉంటే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే అదే ముఖం వెడల్పుగా వస్తుంది. లైటు పైనుంచి పడితే కళ్ళు గుంటల్లోకి పోతాయి. నవ్వు, వయసు, బరువు, మేకప్ సరేసరి.

తెలియని ముఖం ఎదురైతే మెదడు చాలావరకు బొమ్మకు బొమ్మను పోల్చుకుంటుంది. జుట్టు, తల ఆకారం, దవడ గీత లాంటి పై హంగుల మీద ఎక్కువ ఆధారపడుతుంది. తెలిసిన ముఖానికొచ్చేసరికి కళ్ళు, ముక్కు, నోరు ఉన్న లోపలి భాగానిదే పెత్తనం. ఈ తేడాను ఎలిస్, షెపర్డ్, డేవిస్ 1979లోనే చూపించారు. తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చిన మనిషిని ఇంట్లోవాళ్ళు వీధి చివర నుంచే పోల్చుకుంటే, రెండుసార్లు కలిసిన కొత్త సహోద్యోగి లిఫ్టులో పక్కనే నిలబడి కూడా పలకరించకపోవడానికి ఇది చాలు.

కళ్ళ మధ్య ఎంత దూరం, ముక్కు నుంచి పెదవికి ఎంత అని మెదడు కొలతలు దాచుకుంటుందని చాలామంది రాస్తుంటారు. ఆ మాట నిలబడదు. ఫొటోను నిలువుగా రెండింతలు సాగదీస్తే ఆ నిష్పత్తులన్నీ చెడిపోతాయి, అయినా తెలిసినవాళ్ళను ఇట్టే గుర్తుపడతాం. బర్టన్ వాదన ఇంకోలా ఉంటుంది, నాకు అదే సబబనిపిస్తుంది: మెదడు నేర్చుకునేది ఆ ఒక్క మనిషి ముఖం ఏయే రకాలుగా మారగలదో. ఒకరి ముఖం మారే తీరు ఇంకొకరిది కాదు. అందుకే వెయ్యి ముఖాలు తెలిసినా వెయ్యిన్నొకటో ముఖం దగ్గర ఆ అనుభవం పెద్దగా అక్కరకు రాదు.

ఈ మాటకు గట్టి సాక్ష్యం పాస్‌పోర్ట్ ఆఫీసులో దొరికింది. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ అధికారుల మీద డేవిడ్ వైట్ బృందం చేసిన పరిశోధన 2014లో వచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషి, చేతిలో ఉన్న ఫొటో ఒకరివేనా అన్నదే ప్రశ్న. వేరేవాళ్ళ ఫొటో చూపించినప్పుడు 14 శాతం సార్లు సరేనన్నారు. ఉద్యోగంలో ఎన్నేళ్ళున్నారన్నదానికీ కచ్చితత్వానికీ సంబంధమే కనబడలేదు. అంతకుముందు 1997లో కెంప్ బృందం సూపర్ మార్కెట్‌లో ఫొటో ఉన్న క్రెడిట్ కార్డులతో పరీక్షిస్తే, క్యాషియర్లు పరాయి ఫొటో కార్డుల్లో సగానికి పైగా ఒప్పేసుకున్నారు. మన ఆధార్ ఫొటో ఎంత అధ్వానంగా ఉన్నా అందులో ఉన్నది మనమేనని మనకు తెలుసు కాబట్టి, కౌంటర్‌లో వ్యక్తికీ అంతే తేలిగ్గా తెలుస్తుందనుకుంటాం. తెలియదు.

పుర్రె లోపల జరిగేదాన్ని కాలం వరుసలో చెప్పొచ్చు. ముఖం కనబడ్డ 170 మిల్లీసెకన్ల దగ్గర ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్ సంకేతాల నమోదులో, ఒక అల వస్తుంది. ఇది ముఖం, కుర్చీ కాదు అని తేలే దశ అది. తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ ఇక్కడ పెద్ద తేడా ఉండదు. ముందే చూసిన ముఖమా కాదా అన్న తేడా స్పష్టమయ్యేది 250 మిల్లీసెకన్ల ప్రాంతంలో. ముఖాలకు గట్టిగా స్పందించే ఫ్యూజిఫార్మ్ ప్రాంతం మెదడు అడుగున, కణతల వైపు ఉంటుంది. కుడివైపు దానికి ప్రాధాన్యం ఎక్కువ. నాన్సీ కాన్‌విషర్ 1997లో దానికి పేరుపెట్టారు. అయితే అదొక్కటే పని చేయదు. ఎవరన్నది తేలాలంటే జ్ఞాపకాల భాగాలూ భావోద్వేగాల భాగాలూ కలవాలి.

మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రూస్, యంగ్‌ల 1986 నమూనా ప్రకారం గుర్తుపట్టే దారి ఇలా సాగుతుంది: ముఖం చూసినట్టుందనిపించడం, తర్వాత మనిషి వివరం, చివరికి పేరు. రోజూ మందుల షాపులో చూసే అబ్బాయి పెళ్ళిలో పట్టుబట్టలతో ఎదురైతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం. యంగ్ బృందం 22 మందితో తమ పొరపాట్లను డైరీల్లో రాయించింది. ఎవరో తెలిసి పేరు తట్టని సందర్భాలు బోలెడు. పేరు తట్టి, ఎవరో తెలియని సందర్భం ఒక్కటీ లేదు.

ఈ దారి తెగితే వింతలు జరుగుతాయి. మెదడు దెబ్బతిని ఇంట్లోవాళ్ళ ముఖాలే పోల్చుకోలేని స్థితిని జర్మన్ వైద్యుడు బోడమర్ 1947లో వర్ణించాడు. అలాంటి ఒక రోగికి 1984లో బావర్ ముఖం చూపించి కొన్ని పేర్లు చదివితే, సరైన పేరు దగ్గర చర్మపు విద్యుత్ స్పందన (మనసు కదిలితే పట్టే సన్నని చెమట వల్ల మారేది) పెరిగింది. రోగి నోటికి తెలియనిది ఒంటికి కొంత తెలుసన్నమాట. కాప్‌గ్రాస్ భ్రాంతి దీనికి తిరగబడ్డ రూపం. ముఖం అమ్మదేనని ఒప్పుకుంటారు, కానీ ఈమె అమ్మ కాదు, అమ్మ వేషంలో వచ్చిన ఇంకెవరో అంటారు. వాళ్ళలో తెలిసిన ముఖానికి రావలసిన చర్మ స్పందన రాదు. నాడీ శాస్త్రవేత్త విలయనూర్ రామచంద్రన్ పరీక్షించిన అలాంటి యువకుడు ఫోన్‌లో మాత్రం తల్లిదండ్రులను అనుమానించలేదు. చెవి నుంచి వెళ్ళే దారి చెడలేదు మరి.

గుర్తింపు కార్డులు తనిఖీ చేసేవాళ్ళకు పనికొచ్చే పద్ధతి ఇదీ. జుట్టు, కళ్ళద్దాలు, గడ్డం పక్కన పెట్టండి. మొత్తం ముఖం ఎలా అనిపిస్తోందని కాక చెవి ఆకారం, పుట్టుమచ్చలు, గాటుల్లాంటివి ఒక్కొక్కటిగా పోల్చండి. వీలైతే అదే మనిషి ఫొటోలు రెండు మూడు అడగండి. అనుమానం తీరకపోతే ఇంకొకర్ని చూడమనండి, కానీ మీరేమనుకున్నారో ముందే చెప్పొద్దు. విడివిడిగా చూసిన ఇద్దరి తీర్పులు కలిపితే కచ్చితత్వం పెరుగుతుంది. మొదటివారి మాట విని రెండోవారు తలూపితే ఆ లాభం పోతుంది.