ఫిట్‌గా ఉంటే ఎత్తు ఏమీ చేయదా? అన్నపూర్ణ సర్క్యూట్‌పై అపోహలు, వాస్తవాలు

ఏటా వినాయక చవితి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. దసరా, దీపావళి సెలవుల్లో నేపాల్ వెళ్లి అన్నపూర్ణ సర్క్యూట్ నడిచి రావాలనుకునేవారు బూట్ల గురించి, చలి గురించి, శాకాహారం దొరుకుతుందా లేదా అన్నదాని గురించి అడుగుతారు. అడిగే తీరు ఎలా ఉన్నా, చాలామంది మాటల్లో ఒక నమ్మకం మాత్రం మారకుండా వినిపిస్తుంది: "నేను రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తుతాను, జిమ్‌కు వెళ్తాను, సిగరెట్ అలవాటు లేదు, కాబట్టి ఎత్తు నన్నేమీ చేయదు." ట్రెక్ లీడర్‌గా నేను తీసుకువెళ్లిన బృందాల వరకు చెప్పాలంటే, ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం మంచు చేయలేదు, విరిగిపడే కొండచరియలూ చేయలేదు. అందుకే మిగతా అపోహలకు ఒకటి రెండు వాక్యాలు కేటాయించి, దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: శరీర దారుఢ్యం ఉన్నవారికి ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తు వల్ల వచ్చే జబ్బు) రాదు.

వాస్తవం: వస్తుంది, అందరికీ వచ్చినట్టే వస్తుంది. ఈ దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు, థొరోంగ్ లా కనుమ ఎత్తు 5,416 మీటర్లు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే ఉంటుంది గానీ, వాతావరణ పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది కనుక ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా ఇంచుమించు సగమే అవుతుంది. దీనికి అలవాటు పడటానికి శరీరం ఊపిరి వేగాన్ని పెంచుతుంది, అలా పెంచినందువల్ల రక్తంలో తలెత్తే మార్పును సరిదిద్దడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను బయటికి పంపుతాయి, ఈ సర్దుబాటుకు రోజులు పడుతుంది. పరుగు మన కాళ్లకు, గుండెకు బలమిస్తుంది, సాయంత్రానికి అలసట తగ్గిస్తుంది, అంతవరకు మంచిదే. మూత్రపిండాల పనిని తొందరపెట్టే వ్యాయామం మాత్రం ఏదీ లేదు. పైగా దారుఢ్యం ఉన్నవారికి ఇంకో ప్రమాదం ఉంది. ఒంట్లో శక్తి ఉంది కాబట్టి వారు ఆగరు, రెండు రోజుల దూరాన్ని ఒక రోజులో నడిచేస్తారు, తలనొప్పి వచ్చినా తట్టుకుంటారు. తట్టుకోవడం మైదానంలో గొప్పే కావచ్చు, 4,000 మీటర్ల పైన అది రోగ లక్షణాన్ని దాచడమే అవుతుంది.

కొన్నేళ్ల క్రితం మా బృందంలో ఒక యువకుడు ఉండేవాడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఫుల్ మారథాన్లు పరిగెత్తినవాడు. ప్రతి సాయంత్రం లాడ్జికి అందరికంటే ముందు చేరి, మేము వచ్చేసరికి టీ తాగుతూ కనిపించేవాడు. కనుమకు ముందటి మజిలీల్లో ఒకటైన యాక్ ఖర్కాలో తలనొప్పి మొదలైతే ఎండ తగిలిందన్నాడు. మర్నాడు థొరోంగ్ ఫేదీలో రెండుసార్లు వాంతి చేసుకుని, "గ్యాస్ అన్నా, మధ్యాహ్నం తిన్న దాల్ భాత్ అరగలేదు, అంతే" అన్నాడు. (మన ఇళ్లలో గ్యాస్ మీదకు నెట్టలేని జబ్బు లేదు, ఆ అలవాటు హిమాలయాల దాకా మనతోనే వస్తుంది.) లాడ్జి ముంగిట ఒక తిన్నని గీత గీసి, మడమను రెండో కాలి బొటనవేలికి ఆనిస్తూ నడవమన్నాను. నాలుగో అడుగులోనే పక్కకు తూలాడు. తాగినవాడిలా నడక తడబడటం మెదడు వాపుకు, అంటే హేస్‌కు, మొదటి గుర్తుల్లో ఒకటి. ఆక్సిజన్, డెక్సామెథసోన్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) ఇచ్చాం, అవి కిందికి దించేదాకా కాస్త వ్యవధినిస్తాయి, అంతే. తెల్లవారితే కనుమ దాటవచ్చని అతను వాదిస్తుండగానే, ఒక గైడునూ ఇద్దరు పోర్టర్లనూ వెంటబెట్టి, తలకు లైట్లు కట్టుకుని ఆ చీకట్లోనే దిగాం. కిందనున్న లేదర్ అనే ఊరు దాటేసరికి వాంతులు ఆగాయి, మర్నాడు మనాంగ్ చేరేసరికి తిన్నగా నడుస్తున్నాడు. నడక కుదిరిందో లేదో, పెట్టిన డబ్బంతా వృథా చేశానని నా మీద కోపం మొదలైంది, రెండు రోజులు మాట్లాడలేదు. అదే బృందంలో రాజమండ్రికి చెందిన ఒక రిటైర్డ్ టీచరమ్మ గారు రోజూ అందరికంటే వెనక, ఇరవై అడుగులకోసారి ఆగుతూ నడిచి, ఏ మాత్రా అవసరం లేకుండా కనుమ దాటారు. ఆవిడ ఊపిరితిత్తులు అతని కంటే గొప్పవని కాదు. ఆవిడకు తొందర లేదు, తల కాస్త బరువనిపించినా వెంటనే చెప్పేసేవారు.

నియమం పాతదే. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలి. ఈ దారిలో దానిని పాటించడం కష్టం కాదు. చామే 2,670 మీటర్లు, అప్పర్ పిసాంగ్ 3,300, అక్కడి నుంచి ఘ్యారూ, ఙవాల్ గ్రామాల మీదుగా పైదారిలో నడిస్తే 3,660 దాకా ఎక్కి, మళ్లీ 3,540లో ఉన్న మనాంగ్‌కు దిగుతాం. మనాంగ్‌లో రెండు రాత్రులు, ఆపై సుమారు 4,050లో యాక్ ఖర్కా, 4,500 దరిదాపుల్లో ఫేదీ. ఫేదీ నుంచి ఇంకో గంట ఎక్కి 4,880లోని హైక్యాంపులో పడుకుంటే మర్నాటి ఎక్కుడు తగ్గుతుందని కొందరు ఆశపడతారు, నేను మాత్రం ఫేదీలోనే ఆపుతాను.

ఇప్పుడు జీపు రోడ్డు మనాంగ్ దాకా వెళ్లింది. 760 మీటర్ల బేసీసహర్‌లో ఎక్కి, రోజున్నరలో 3,540 మీటర్ల దగ్గర దిగే ప్యాకేజీలు తయారయ్యాయి. వాటిని కొనేవారు ఎక్కువగా ఫిట్‌నెస్ మీద నమ్మకం ఉన్నవారే. "నడిచే రోజులు ఎలాగూ చూడ్డానికే కదా, అవి తీసేద్దాం" అంటారు. ఘ్యారూకు ఎక్కే ఆ వంకర దారి, అన్నపూర్ణ-2 శిఖరానికి ఎదురుగా ఒకదాని కప్పు ఇంకోదానికి వాకిలిగా కట్టుకున్న రాతి ఇళ్లు, జొన్నలూ వరీ కాక బార్లీ, బక్‌వీట్ పండే పొలాలు, బ్రాగాలోని పాత గోంపా (బౌద్ధ మఠం) చూడదగినవే. అయితే వాటి మధ్య గడిపే ఆ రోజుల్లోనే శరీరం పై ఎత్తుకు సిద్ధపడుతుంది. ఆ రోజులను తీసేస్తే టికెట్టు చవకవుతుంది, ప్రమాదం పెరుగుతుంది.

భయపడుతూ ఫోన్ చేసేవారికి ఒక మాట. తలనొప్పి వచ్చిన ప్రతివారికీ ప్రాణాపాయం రాదు. తేలికపాటి ఏఎంఎస్ (అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్, తలనొప్పితో మొదలయ్యే మామూలు ఎత్తు జబ్బు) అయితే అదే ఎత్తులో ఆగి విశ్రాంతి తీసుకుంటే చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, పారాసెటమాల్ వేసుకోవచ్చు. రాత్రి నిద్రలో ఊపిరి కాసేపు ఆగినట్టయి, ఉలిక్కిపడి లేచి గట్టిగా గాలి పీల్చుకోవడం కూడా ఆ ఎత్తులో మామూలే. పైకి వెళ్లకూడని సందర్భం ఒకటే: లక్షణాలు ఇంకా ఉన్నప్పుడు. అవి పెరుగుతుంటే దిగాలి. నడక తూలినా, మాట తికమకపడినా, కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో నురుగు గానీ గులాబీ రంగు గానీ కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరే హేప్‌కు ముందు తలనొప్పి వచ్చి తీరాలన్న నియమం లేదు, తోటివారి కంటే హఠాత్తుగా వెనకబడిపోవడమే దాని తొలి గుర్తు కావచ్చు. మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్య కేంద్రం 1981 నుంచి ఉంది, సీజన్లో మధ్యాహ్నం పూట ఈ విషయాల మీద ప్రసంగం ఉంటుంది. మా బృందంలో దానికి రానని ఎవరూ అనడానికి వీల్లేదు.

అపోహ: ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకుంటే లక్షణాలు కప్పబడిపోతాయి.

వాస్తవం: కప్పదు. పైన చెప్పిన మూత్రపిండాల పనిని అది త్వరపరుస్తుంది, అందువల్ల ఊపిరి పెరుగుతుంది. నివారణకు మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు సరిపోతుంది. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం మామూలే. సల్ఫా మందులు పడనివారు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. లక్షణాలను అణచిపెట్టే మందు డెక్సామెథసోన్. దానిని వేసుకుని పైకి ఎక్కుదామన్న ఆలోచన ఎవరు చెప్పినా వినకండి.

అపోహ: కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుంది.

వాస్తవం: ముక్కు చల్లగా, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఏమీ పెరగదు. మూట కట్టుకుని మెడలో వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు, మింగితే మాత్రం విషం. లాడ్జిల్లో ఇచ్చే వెల్లుల్లి సూపు వేడిగా, రుచిగా ఉంటుంది, తాగండి, మందు అనుకోకండి. నీళ్లు దాహానికి తగినంత, ఇంకాస్త ఎక్కువ తాగాలి గానీ, రోజుకు ఏడెనిమిది లీటర్లు బలవంతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదీ తలనొప్పే తెస్తుంది. అమ్మే చిన్న ఆక్సిజన్ క్యాన్లు కొన్ని నిమిషాలకు మించి రావు. ఆక్సీమీటరులో 80 చూసి హడలిపోయేవారూ, 88 చూసి పక్కవాడితో పందెం కాసేవారూ ఇద్దరూ దానిని సంచిలో పెట్టేసి, తల నొప్పిగా ఉందా, ఆకలి వేస్తోందా అని తమను తాము ప్రశ్నించుకుంటే మేలు.

అపోహ: పోర్టర్లు కొండవాళ్లు, వాళ్లకేం కాదు.

వాస్తవం: మన సామాను మోసేవారిలో చాలామంది దిగువ కొండల్లో పొలం పని చేసుకునేవారు. వారికీ మనకు వచ్చే జబ్బే వస్తుంది, కూలి పోతుందని చెప్పరు. సాయంత్రం టీ తాగేటప్పుడు వారినీ అడగాలి, జబ్బు పడితే తోడు ఇచ్చి దించాలి.

అపోహ: మలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, మా అబ్బాయి ఇది నడవలేడా?

వాస్తవం: నడవగలడు. కానీ 2014 మేలో ఆ అమ్మాయి శిఖరం చేరడానికి వెనక భువనగిరి కొండ మీదా, డార్జిలింగ్‌లోనూ, లద్దాఖ్‌లోనూ తీసుకున్న శిక్షణ ఉంది, ఎత్తుకు అలవాటుపడుతూ పర్వతం మీద గడిపిన వారాలు ఉన్నాయి. మీరు అడిగేది పది రోజుల సెలవు.

అపోహ: అక్టోబరులో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, తుఫానులు తీరప్రాంతం వారి బాధ.

వాస్తవం: ఈ మాట తెలుగువారు అనకూడదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ బలహీనపడుతూ ఉత్తరానికి సాగి, 14వ తేదీన థొరోంగ్ లా పరిసరాల్లో భారీ మంచు తుఫానుగా కురిసింది. ఆ విపత్తులో 40 మందికి పైగా ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు, స్థానికులు చనిపోయారు. కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగుతూ, ముందున్న మనిషి కూడా కనిపించని మంచులో దారి తప్పినవారు వారిలో ఎందరో ఉన్నారు. అప్పటి నుంచి బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని తెలిస్తే మనాంగ్ దాటకముందే భారత వాతావరణ శాఖ బులెటిన్ చూసుకోవడం, అది ఉత్తరానికి తిరిగే సూచన ఉంటే మనాంగ్‌లోనే ఆగిపోవడం నా పద్ధతి. దీనికోసం ప్రయాణంలో రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. తిరుగు విమానం టికెట్టు కనుమ దాటిన మర్నాటికి తీసుకున్నవారే తుఫానులో నడుస్తామని పట్టుబడతారు.

హెలికాప్టర్ ఉంది కదా అంటారు. ఉంది. రాత్రి రాదు, మబ్బులో రాదు, ఆ ఎత్తు వరకు రక్షణ వర్తిస్తుందని రాసి ఉన్న ఇన్సూరెన్స్ లేకపోతే బిల్లు మీదే.

చివరగా, ట్రెక్ చేయకుండా ముక్తినాథ్ యాత్రకు మాత్రమే వెళ్లే పెద్దవారి గురించి. 108 దివ్యదేశాల్లో ఒకటైన ఆ సాలగ్రామ క్షేత్రానికి మన ప్రాంతాల నుంచి ఏటా ఎందరో వెళ్తారు. నడక లేదు కాబట్టి ఎత్తు సమస్య కూడా లేదని వారి పిల్లలు అనుకుంటారు. నిజానికి 820 మీటర్ల పోఖరాలో పొద్దున విమానం ఎక్కి, 2,720 మీటర్ల జోమ్‌సోమ్‌లో దిగి, అక్కడి నుంచి జీపులో నేరుగా 3,700 మీటర్ల పైనున్న గుడికి వెళ్లేవారు, ట్రెక్కర్లు వారం తీసుకునే ఎత్తును ఒక్క పూటలో ఎక్కుతున్నారు. జోమ్‌సోమ్‌లోనో, 2,800 మీటర్ల కాగ్‌బేనిలోనో ఒక రాత్రి నిద్ర చేసి పొద్దున్నే దర్శనానికి వెళ్లండి, ఆ రాత్రి గుడి దగ్గరి లాడ్జిల్లో ఉండకుండా మళ్లీ కిందికే దిగి పడుకోండి. ఆ 108 ధారల మంచునీటి కింద తల పెట్టాలా, చిలకరించుకుంటే చాలా అన్నది బీపీకో, గుండెకో మాత్రలు రాస్తున్న డాక్టరును ఇక్కడే అడిగి, తేల్చుకుని బయలుదేరండి.