ఫౌజీ ఇంటికి ఏ బ్యాంకు? అపోహలు - వాస్తవాలు

ఆర్మీ సిగ్నల్స్‌లో సర్వీసు ముగించుకుని, ఎక్స్-సర్వీస్‌మెన్ కోటాలో బ్యాంకు కౌంటర్లోకి వచ్చినవాణ్ణి. మా బ్రాంచి చుట్టుపక్కల మిలిటరీ ఇళ్లు ఎక్కువ. సెలవుకొచ్చిన కుర్రాళ్లు "అన్నా, శాలరీ అకౌంట్ ఏ బ్యాంకులో పెట్టుకోమంటావు?" అని అడుగుతుంటారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: పది రోజులు నీ ఫోను కలవకపోతే ఇంట్లోవాళ్లు ఆ ఖాతాలోంచి డబ్బు ఎలా తీసుకుంటారు? దీనికి సరైన జవాబు ఉన్న బ్యాంకైతే చాలు. ఉచిత చెక్కుబుక్కులు, లాకరు రాయితీలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: ఆర్మీవాళ్లు ఫలానా బ్యాంకులోనే ఉండాలి

మన సైన్యానికి సొంత బ్యాంకంటూ లేదు. అమెరికాలో యూఎస్‌ఏఏ అని ఒక సంస్థ ఉంది. 1922లో శాన్ ఆంటోనియోలో 25 మంది ఆర్మీ అధికారులు తమ కార్లకు తామే ఇన్సూరెన్స్ చేసుకోవడానికి దాన్ని పెట్టుకున్నారు. 1983లో దానికి బ్యాంకు కూడా తోడైంది. బ్రాంచీల జోలికి పెద్దగా పోకుండా పోస్టు మీద, ఫోను మీద నడిచింది. చెక్కును ఫోనుతో ఫొటో తీసి జమ చేసే పద్ధతిని 2009లోనే తెచ్చింది. మన దగ్గర అలాంటిది లేదు, మామూలు బ్యాంకులే సైన్యంతో ఒప్పందాలు చేసుకుని జీతం ఖాతా ప్యాకేజీలు ఇస్తాయి. ఎస్‌బీఐ డీఎస్‌పీ (డిఫెన్స్ శాలరీ ప్యాకేజీ), పీఎన్‌బీ రక్షక్, యాక్సిస్ పవర్ సెల్యూట్ అలాంటివే. అగ్నివీర్ల జీతం ఖాతాల కోసమైతే 2022 అక్టోబరులో ఆర్మీ ఏకంగా 11 బ్యాంకులతో ఒప్పందం చేసుకుంది. బ్యాంకు మార్చుకోవాలంటే యూనిట్ ద్వారా పే ఆఫీసుకు కాగితం వెళ్లాలి, అంతే. పాత ఖాతాలో ఈఎంఐలు ఉంటే మాత్రం ముందు వాటి సంగతి చూసుకోండి.

అపోహ: ట్రైనింగ్ సెంటర్ దగ్గర తెరిచిన ఖాతా అక్కడే ఉండిపోవాలి

రిక్రూట్లందరికీ ఒకేసారి సెంటర్ పక్క బ్రాంచిలో ఖాతాలు తెరిచేస్తారు. గోల్కొండ కావచ్చు, నాసిక్ రోడ్ కావచ్చు, వెల్లింగ్టన్ కావచ్చు. ఇంట్లోవాళ్లకు ఆ బ్రాంచి ఎక్కడుందో కూడా తెలియదు. దాన్ని మీ ఊరి దగ్గర బ్రాంచికి మార్పించుకోవచ్చు. చాలా బ్యాంకుల్లో ఖాతా నంబరు మారదు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మాత్రమే మారుతుంది.

అపోహ: ఏటీఎం కార్డు, పిన్ ఇంట్లో ఇచ్చేశాను, ఇక టెన్షన్ లేదు

ఎక్కువ ఇళ్లు ఇలాగే నడుస్తాయి. చిక్కులు కూడా ఇక్కడే వస్తాయి. కౌంటర్ దగ్గర నేను తరచూ చూసేది చెబుతాను. జవాను భార్య, ఆ చెల్లెమ్మ, పాస్‌బుక్ కవర్లోంచి కార్డు తీస్తుంది. వెనక స్కెచ్ పెన్నుతో నాలుగంకెలు రాసి ఉంటాయి. కార్డు గడువు అయిపోయింది. కొత్త కార్డుకు పిన్ పెట్టాలంటే ఓటీపీ కావాలి, అది లేహ్‌లోనో ఓడ మీదో స్విచాఫ్ అయి ఉన్న ఫోనుకు వెళుతుంది. ఆమె ఎవరో మాకు తెలుసు, పిల్లల పేర్లు కూడా తెలుసు. కానీ ఆమె ఖాతాదారు కాదు కాబట్టి బ్యాలెన్స్ ఎంతుందో కూడా చెప్పలేం. ఆమెకు కోపం రావడం న్యాయమే. చెప్పకపోవడం మా ఉద్యోగం.

పిన్ ఇంకొకరికి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం కూడా. బెంగళూరులో ఒకామె ప్రసూతి సెలవులో ఉండి, 25,000 రూపాయలు తీసుకురమ్మని భర్తకు కార్డు, పిన్ ఇచ్చింది. మిషన్లోంచి డబ్బు రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గింది. సీసీటీవీలో కనిపించింది ఖాతాదారు కాదు కాబట్టి 2018లో వినియోగదారుల ఫోరం ఆమె కేసును కొట్టేసింది. సొంత భర్తకు ఇచ్చినా జరిగింది ఇదీ.

ఇంకో సంగతి కశ్మీర్, లద్దాఖ్ పోస్టింగ్ వచ్చాకే తెలుస్తుంది. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తుంది. కుర్రాడు అక్కడి సిమ్ తీసుకుంటాడు. బ్యాంకులో ఇచ్చిన పాత నంబరు పెట్టెలో పడి ఉంటుంది. తొంభై రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేసి, కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు మీ ఖాతా మెసేజులు ఎవరో తెలియని మనిషి ఫోనులో మోగుతాయి. పోస్టింగ్ ఆర్డరు చేతికొచ్చిన రోజే బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్‌ను పోస్ట్‌పెయిడ్‌గా మార్చుకోండి.

మరి ఏం చేయాలి? మూడు దారులున్నాయి. మొదటిది, భార్యను జాయింట్ ఖాతాదారుగా చేర్చడం. ఆమెకు సొంత కార్డు, సొంత మొబైల్ నంబరు ఉంటాయి. ఫారంలో "ఎయిదర్ ఆర్ సర్వైవర్" (ఇద్దరిలో ఎవరైనా తీయవచ్చు) మీదే టిక్ పెట్టండి. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పెడితే మొదటి వ్యక్తి బతికున్నంతకాలం రెండో వ్యక్తి డబ్బు తీయలేరు. చూసుకోకుండా టిక్ పెట్టినవాళ్లను చాలామందిని చూశాను.

రెండోది నాకు ఇష్టమైనది: జీతం ఖాతా మీ పేరునే ఉంచి, ప్రతి నెలా ఇంటి ఖర్చుకు సరిపడా ఆమె సొంత ఖాతాలోకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వడం. తేదీ మాత్రం 1 పెట్టకండి, 5 పెట్టండి. జీతం నెలాఖరు పనిదినానికి పడుతుంది కానీ మార్చి జీతం ఏప్రిల్లో వస్తుంది. ఏప్రిల్ 1న బ్యాంకులకు వార్షిక లెక్కల ముగింపు. ఆ ఒక్క నెల ఇన్‌స్ట్రక్షన్ ఫెయిలైతే ఇంట్లో గొడవ మొదలవుతుంది.

మూడోది యూపీఐ సర్కిల్, 2024లో వచ్చింది. మీ ఖాతా నుంచి ఇంకొకరు చెల్లించేలా అనుమతి ఇవ్వవచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000 వరకు, ఒక్కోసారి 5,000 వరకు మీ పిన్ లేకుండానే వాళ్లు కట్టుకోవచ్చు. పాక్షిక అనుమతిలో ప్రతిసారీ మీరు పిన్ కొట్టాలి. ఫార్వర్డ్ పోస్టులో ఉన్నవాడికి అది దేనికి పనికొస్తుంది?

అపోహ: ఇన్సూరెన్స్ ఎక్కువ ఇచ్చే బ్యాంకే మంచిది

పోస్టర్ మీద పెద్ద అంకె చూసి పరుగెత్తకండి. ప్యాకేజీలో ఉండేది ప్రధానంగా ప్రమాద బీమా. జబ్బుతో పోతే ఆ ప్రమాద బీమా రాదు. ఆర్మీ తరఫున ఉండే ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వేరు, బ్యాంకు ఇచ్చే ఇది వేరు. రెండూ ఒకటే అనుకుని బ్యాంకుకు క్లెయిమ్ పెట్టని కుటుంబాలున్నాయి. క్లెయిముకు గడువు ఉంటుంది, అది దాటితే కంపెనీవాళ్లు కాగితాలు పక్కన పెట్టేస్తారు.

అంతకంటే ముందు, మీ ఖాతా నిజంగా ప్యాకేజీ కిందే ఉందా? చేరకముందు ఊళ్లో తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతాలోనే జీతం పడుతుంటే అది దానంతటదే డిఫెన్స్ ఖాతాగా మారిపోదు. సర్వీసు ధ్రువీకరణ ఇచ్చి మార్పించుకోవాలి. ఖాతా ఏ రకమో బ్రాంచిలో అడిగి, ఇన్సూరెన్స్ షరతుల కాగితం ప్రింటు తీయించి ఇంట్లో పెట్టండి.

అపోహ: పెళ్లైంది, యూనిట్లో రాయించాను, బ్యాంకులోనూ నామినీ మారిపోయి ఉంటుంది

మారదు. యూనిట్ జారీ చేసే పార్ట్ టూ ఆర్డరు పడితే సర్వీసు రికార్డుల్లో భార్య పేరు చేరుతుంది. బ్యాంకుకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. చేరినప్పుడు పెట్టిన అమ్మ పేరో నాన్న పేరో అలాగే ఉంటుంది. నామినీ అంటే డబ్బుకు యజమాని అని కూడా కాదు. నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, ఆ డబ్బు ఎవరికి చెందాలో వారసత్వ చట్టం తేలుస్తుంది. బ్యాంకు ఖాతాల విషయంలో సుప్రీంకోర్టు 2010లోనే ఈ మాట స్పష్టం చేసింది. హిందూ వారసత్వ చట్టంలో భార్య, పిల్లలతోపాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే.

అత్తాకోడళ్లు బ్యాంకు బల్ల ముందు ఎదురెదురుగా కూర్చునే రోజు ఏ ఇంటికీ రాకూడదు. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాలకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయవచ్చు. అమ్మకింత, భార్యకింత అని ముందే రాసేస్తే సగం తగువు తగ్గుతుంది.

అపోహ: ఊళ్లో బ్రాంచి లేకపోతే ఆ బ్యాంకు దండగ

బ్రాంచి దూరమైనా ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు, అంటే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు వచ్చాక పోస్ట్‌మ్యాన్ ఇంటికే తెచ్చి ఇస్తున్నాడు. దీనికి ఆమె ఆధార్‌కు ముడిపడిన ఆమె సొంత ఖాతా ఉండాలి. భర్త ఖాతాకు ఆమె వేలిముద్ర పనిచేయదు. రెండో దారి నాకు ఇష్టమని అన్నది ఇందుకే.

అపోహ: రిటైరయ్యాక వచ్చే సొమ్మంతా ఒక్కచోటే పెడితే మేలు

డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. ఎన్ని బ్రాంచీల్లో వేసినా లెక్క ఒక్కటే. ఎక్కువ వడ్డీ ఇస్తామంటూ మాజీ సైనికుల ఇళ్ల చుట్టూ తిరిగే క్రెడిట్ సొసైటీలకు ఆ 5 లక్షల బీమా కూడా ఉండదు.

అపోహ: పెన్షన్ విషయం బ్యాంకే చూసుకుంటుంది

ఒకప్పుడు బ్యాంకులే లెక్కగట్టి ఇచ్చేవి. ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ ద్వారా రక్షణ శాఖ పద్దుల విభాగమే నేరుగా ఖాతాలో వేస్తోంది. ఎంత పడింది, ఎందుకు తగ్గింది అన్నది స్పర్శ్‌లో చూసుకోవాలి, మమ్మల్ని అడిగితే మా దగ్గర జవాబు ఉండదు. ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇంట్లో కూర్చుని ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు. జాయింట్ ఖాతా ఉంటే ఫ్యామిలీ పెన్షన్ కూడా అదే ఖాతాలో పడుతుంది, కొత్తది తెరవనక్కర్లేదు.

పీపీఓలో (పెన్షన్ మంజూరు ఉత్తర్వులో), ఆధార్‌లో, పాస్‌బుక్‌లో భార్య పేరు ఒకేలా ఉందో లేదో ఈ సెలవులోనే చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పుట్టింటి ఇంటిపేరు. మన తెలుగువాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.