జన్యు పరీక్షలు, వ్యసన విముక్తి: అపోహలు - వాస్తవాలు

మద్యం, మత్తుమందులు మాన్పించే వైద్యంలో ఉన్నాను. మానేసి కొన్ని నెలలైనవాళ్లు, వెంట భార్యో తల్లో, చేతిలో జన్యు పరీక్ష రిపోర్టుతో రావడం ఈమధ్య ఎక్కువైంది. "ఇందులో ఏముంది డాక్టరుగారూ?" అని అడుగుతారు కానీ, వాళ్ల మనసులో ఉండేది వేరే ప్రశ్న: "మళ్లీ మొదలుపెడతాడా?" దానికి ఆ రిపోర్టులో జవాబు దొరకదు. దొరికేవి కొన్ని ఉన్నాయి, అవి బాగా పనికొస్తాయి కూడా.

అపోహ: తాగుడు జన్యువు ఒకటుంటుంది. అది ఉంటే ఇక తప్పదు.

1990లో ఒక అధ్యయనం మెదడులోని డోపమైన్ అనే రసాయనానికి సంబంధించిన డీఆర్‌డీ2 జన్యువులోని ఒక తేడాకీ మద్యం వ్యసనానికీ సంబంధం ఉందని చెప్పింది. ఈ మాట అక్కడినుంచే పాకింది. తర్వాతి అధ్యయనాల్లో ఆ సంబంధం గట్టిగా నిలబడలేదు. అసలు ఆ తేడా ఉన్నది పక్కనున్న ఏఎన్‌కేకే1 జన్యువులో అని కూడా తర్వాత తేలింది. ఇప్పుడు మనకు తెలిసినంతలో వ్యసనం వెనక ఎన్నో జన్యు తేడాలు ఉంటాయి, చాలావాటి ప్రభావం విడిగా చూస్తే చాలా చిన్నది.

కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన అధ్యయనాలు మద్యం వ్యసనంలో వంశపారంపర్య వాటా సుమారు 50 శాతం అంటాయి. తండ్రి తాగితే కొడుకు తాగే అవకాశం సగానికి సగం అని చాలామంది దీన్ని చదువుకుని భయపడుతున్నారు. ఆ అంకె చెప్పేది జనాభా మొత్తం గురించి: మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో దాదాపు సగం జన్యువుల నుంచి వస్తోందని. మీ అబ్బాయి ఏమవుతాడో అది చెప్పదు.

కాపాడే జన్యు తేడాలూ ఉన్నాయి. తూర్పు ఆసియా వాళ్లలో చాలామందికి మద్యాన్ని అరిగించడంలో సాయపడే ఏఎల్‌డీహెచ్2 ఎంజైమ్ సరిగా పనిచేయదు. కొంచెం తాగినా మద్యం నుంచి తయారయ్యే ఎసిటాల్‌డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోయి ముఖం ఎర్రబడుతుంది, కడుపులో తిప్పుతుంది, గుండె దడదడలాడుతుంది. అందుకే వాళ్లలో మద్యం వ్యసనం తక్కువ. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వేసుకున్నవాళ్లు తాగితే జరిగేది కూడా అచ్చంగా ఇదే. కానీ ఈ తేడా ఉండి కూడా తాగుతూ పోయేవాళ్లకి అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

అపోహ: వ్యసనం వస్తుందో రాదో ముందే చెప్పే పరీక్షకి అమెరికాలో ఆమోదం కూడా దొరికింది.

దొరికిన మాట నిజమే. ఓపియాయిడ్ల (మార్ఫిన్, హెరాయిన్ లాంటివి) వ్యసనపు ముప్పును 15 జన్యు తేడాలతో అంచనా వేసే అవర్ట్‌డీ పరీక్షని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 డిసెంబరులో ఆమోదించింది. అంతకుముందు ఏడాది దాని సలహా సంఘమే 11-2తో వ్యతిరేకంగా ఓటేసింది. నన్ను ఎక్కువ భయపెట్టేది 'ముప్పు తక్కువ' అని వచ్చే రిపోర్టు. అది చూసి డాక్టరూ రోగీ ఇద్దరూ జాగ్రత్త వదిలేసే ప్రమాదం ఉంది. ఇప్పటికే వ్యసనం నుంచి బయటపడ్డవాళ్లకు ఈ పరీక్షతో పనే లేదు.

అపోహ: రిపోర్టులో పచ్చరంగులో ఉన్న మందు నాకు పనిచేస్తుంది.

ఆ రంగు చాలావరకు చెప్పేది మీ ఒళ్లు ఆ మందుని ఎంత వేగంగా మార్చుతుందన్నదే. మందు గుణమిస్తుందా లేదా అన్నది వేరే సంగతి. అయితే జన్యు పరీక్ష అసలు విలువ ఇక్కడే ఉంది.

కొడీన్ నొప్పి తగ్గించాలంటే సీవైపీ2డీ6 ఎంజైమ్ దాన్ని మార్ఫిన్‌గా మార్చాలి. ట్రమడాల్ కూడా చాలావరకు ఈ ఎంజైమ్ మీదే ఆధారపడుతుంది. కొందరిలో ఈ ఎంజైమ్ దాదాపు పనిచేయదు. అలాంటి మనిషి, మత్తు మానేసి రెండేళ్లయ్యాక, పన్ను పీకించుకున్నాడనుకోండి. మాత్రతో నొప్పి తగ్గదు, ఇంకోటి అడుగుతాడు. "పాత అలవాటు మళ్లీ మొదలైంది" అనేస్తారు. ఆ మాట అతన్ని ఎంత కుంగదీస్తుందో నేను దగ్గరగా చూశాను. ఎంజైమ్ మరీ జోరుగా పనిచేసేవాళ్లలో దీనికి పూర్తిగా విరుద్ధం: మార్ఫిన్ ఒక్కసారిగా పెరిగి ఊపిరి మందగించవచ్చు. ఈ రెండు రకాలవాళ్లకీ వేరే మందు ఎంచుకోవడానికి పరీక్ష ఫలితం నేరుగా ఉపయోగపడుతుంది.

డిప్రెషన్‌కీ టెన్షన్‌కీ వాడే ఎసిటలోప్రామ్ మోతాదు విషయంలో సీవైపీ2సీ19 అనే మరో ఎంజైమ్ ఫలితం సాయపడుతుంది. మూర్ఛకి వాడే కార్బమజెపైన్ మొదలుపెట్టేముందు హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 అనే జన్యు రకం ఉందో లేదో తెలిస్తే, ప్రాణం మీదికి తెచ్చే చర్మ వ్యాధిని చాలావరకు తప్పించవచ్చు.

మద్యం మీద కోరిక తగ్గించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ సంగతి వేరు. ఓపీఆర్‌ఎం1 జన్యువును బట్టి అది ఎవరికి పనిచేస్తుందో చెప్పవచ్చని చాలా ఆశపడ్డాం. 2015లో వచ్చిన ట్రయల్‌లో ఆ ఆశ నిలబడలేదు. జన్యువు 'అనుకూలం కాదు' అని రాసి ఉన్నంత మాత్రాన ఈ మందు వద్దనుకోకండి. లివర్ ఎలా ఉంది, ఒంట్లో ఓపియాయిడ్లు ఉన్నాయా అన్నవి అంతకంటే ముఖ్యం.

అపోహ: జన్యువులు మారవు, కాబట్టి మందూ మోతాదూ ఒకసారి ఖాయమైతే చాలు.

జన్యువు మారదు, ఎంజైమ్ పనితీరు మారుతుంది. సిగరెట్ మానడానికి ఇచ్చే బుప్రోపియాన్ సీవైపీ2డీ6ని అడ్డుకుంటుంది. రిపోర్టులో 'మామూలు' అని ఉన్నా, ఆ మాత్ర వాడే రోజుల్లో ఆ ఎంజైమ్ నెమ్మదిస్తుంది. సిగరెట్ పొగ సీవైపీ1ఏ2 అనే ఇంకో ఎంజైమ్‌ని వేగంగా పనిచేయిస్తుంది. మానగానే ఆ వేగం పడిపోయి, క్లోజపైన్, ఓలాంజపైన్ లాంటి మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్లకి అదే మోతాదు ఎక్కువైపోతుంది. సిగరెట్ మానడం మంచి పనే, తప్పకుండా మానండి. మానే ముందు డాక్టరుకి ఒక్క మాట చెప్పండి.

అపోహ: ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ (ఫోలేట్ విటమిన్‌ని ఒంట్లో వాడుకోవడానికి సాయపడే జన్యువు) తేడా ఉంటే ప్రత్యేక విటమిన్లు కొనాలి, అవి లేకుండా కోలుకోలేం.

దీనికి తగిన ఆధారం లేదు. మద్యం మానేటప్పుడు నిజంగా కావాల్సింది థయమిన్ (విటమిన్ బి1). అది ఇవ్వడానికి ఏ జన్యు పరీక్షా అక్కర్లేదు.

రిపోర్టు ఇప్పటికే చేతిలో ఉంటే పారేయకండి. ఆపరేషన్ ముందు మత్తు డాక్టరుకి చూపించండి. నాల్ట్రెక్సోన్, ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే బుప్రెనార్ఫిన్ లాంటివి వాడుతుంటే ఆ సంగతి ఇంకా ముందే చెప్పండి, ఎందుకంటే వాటివల్ల నొప్పి మందుల ప్లాన్ మొత్తం మారుతుంది. రిపోర్టు చూసి వాడుతున్న మాత్రని మాత్రం మీ అంతట మీరు ఆపకండి.